లోటస్ క్రీడాపటమందలి తావుల పేర్లు

పడమటి కనుమల పాదమున, రాజపాళెమునకు చేరువగా, మా మంసాపురము కలదు. వీథిలో నిలిచి పడమరకు చూచినచో కొండలే కానవచ్చును. ఆ కొండల వరుసలో ఒక చోటని చెప్పి, అమెరికాలోని రయట్ గేమ్స్ అను సంస్థవారు 2023వ సంవత్సరము జనవరి నెలలో ఒక యుద్ధక్రీడకు రంగస్థలమును నిర్మించి విడుదల చేసిరి. ఆ క్రీడ పేరు వాలొరెంట్. ఆ రంగస్థలము పేరు లోటస్, అనగా తామర. ఈ సంగతి నాకు పత్రికల వలన తెలియలేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తెలుగు గంటలో బల్లక్రింద దాచికొని గీయుచున్న కాగితము నా చేతికి చిక్కుటవలన తెలిసినది.

పరిశోధన వ్యాసముల సంపుటమున వీడియో ఆట ప్రసక్తి యేమని పెద్దలు శంకింపవచ్చును. ఆ కాగితమును చూచిన క్షణమున నాకును అట్టి తలంపే కలిగి, దానిని మడిచి జేబులో వేసికొంటిని. సాయంకాలము విప్పి చూడగా అందొక పటము, పటముపై పండ్రెండు పదుమూడు మాటలు కనబడెను. అక్షరములు తమిళము, మాటలు తెలుగు. మెట్లు, చెట్టు, వేరు, గుడిసె, కంబాలు, మలుపు, పాడుగోడ. తెలుగు వాచకములో నాలుగు పంక్తులు తడబడక చదువలేని బాలుడు, ఎవరును అడుగకయే, ఇన్ని తెలుగు మాటలను ఏరి ఒక్కొక్కదానిని ఒక్కొక్క తావున ఎందుకు నిలిపెనో తెలిసికొనవలెనని నాకు బుద్ధి పుట్టినది. ఈ వ్యాసము దాని ఫలము.

ఆట నెఱుగని వారికొఱకు ముందుగా కొంత వివరింపవలసి యున్నది. వాలొరెంట్ 2020వ సంవత్సరము జూన్ 2వ తేదీన వెలువడినది. ఇది కంప్యూటరుపై ఆడు ఆట. పదిమంది పది చోట్ల కూర్చుండి, తంతి సంబంధముచేత ఒకే రంగస్థలమున కలిసికొందురు. పక్షములు రెండు, పక్షమునకైదుగురు. ఒక పక్షము ముట్టడించును, మఱియొక పక్షము కాచును. ముట్టడివారియొద్ద స్పైక్ అను పేలుడు యంత్రమొకటి యుండును. నియమితములైన స్థానములలో నేదో యొకదానియందు దానిని నాటి, పేలువఱకు కాపాడుకొనుట వారి పని. నాటుటకు 4 సెకండ్లు పట్టును. నాటిన పిదప 45 సెకండ్లకు పేలును. కాపువారు దాపునకు వచ్చి దానిని చల్లార్చుటకు 7 సెకండ్లు కావలెను. ఒక విడతకు గడువు 100 సెకండ్లు మాత్రమే. గడువులోపల నాటలేకపోయినచో కాపువారిది గెలుపు. పండ్రెండు విడతలైన తరువాత పక్షములు తారుమారగును. ముట్టడించినవారు కాతురు, కాచినవారు ముట్టడింతురు. ముందుగా 13 విడతలు గెలిచినవారిది ఆట. చెఱి పండ్రెండు గెలిచి సమముగా నిలిచినచో, పిమ్మట రెండు విడతల ఆధిక్యము చూపినవారు విజేతలు.

తుపాకులతో కాల్చుకొను ఆట మంచిదా చెడ్డదా యని తలిదండ్రులు నన్నడుగుచుందురు. పరీక్షల ముందు నెల మంచిది కాదని చెప్పుచుందును. అంతకు మించిన చర్చ ఇచ్చట అనవసరము.

పక్షములు తారుమారగు నియమము మనకు క్రొత్త కాదు. పులిజూదమును తలచుకొనుడు. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు కూడలులు గల గీతల పటము. పులుల బలము వేఱు, మేకల బలము వేఱు. కావుననే ఒక ఆట ముగియగానే పులులనాడినవాడు మేకలను తీసికొనును. అప్పుడుగాని ఎవడు నేర్పరియో, ఎవనికి పటము తోడ్పడినదో తేలదు. పటమునకు సైతము ఒక పక్షపాతముండునని ఆ గుడిమెట్లపై గీతలు చెక్కినవారెఱుగుదురు. వాలొరెంట్ నిర్మాతలెఱిగినదియు అదియే. రంగస్థలమున నొక గోడను రెండడుగులు జరిపినచో కాపువారి బలము పెరుగునో తగ్గునో వారు లెక్కింపవలసి యుందురు.

ఇక లోటస్ సంగతి. ఈ ఆటకు రంగస్థలములు పెక్కు కలవు. మొరాకో, జపాన్, ఇటలీ మొదలగు దేశములను తలపించునట్లు వానిని కల్పించిరి. లోటస్ ఆ వరుసలో తొమ్మిదవది. భారతదేశమున నెలకొల్పబడినట్లు చెప్పబడిన మొదటి రంగస్థలమిదియే. దట్టమైన పచ్చని చెట్లు, జలపాతములు, నడుమ పురాతనమైన రాతికట్టడము, దానిలోపల ఏదో దివ్యశక్తి దాగియున్నదను కథ. కట్టడము మన గుడులను పోలియుండును గాని ఏ గుడియు కాదు. కొండలు మన కొండలను పోలియుండును గాని వానిలో మాకు తెలిసిన కొండ యొకటియు లేదు. మా కొండలలో బూడిదవన్నె పెద్ద ఉడుతలు కలవు. వాని రక్షణకై 1988లో అభయారణ్యమేర్పడినది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు - మేఘమలై పులుల అభయారణ్యము వెలసినది. ఆ ఉడుతను రంగస్థలమున వెదకితిని, కానరాలేదు. ఇది నింద కాదు. వారికి కావలసినది కొండ కాదు, త్రోవలు. ఈ మాట కొంచెము విప్పి చెప్పెదను.

ఈ పర్వతశ్రేణిని మనము పడమటి కనుమలనుచున్నాము. కనుమ యనగా కొండ కాదు. రెండు కొండల నడిమి త్రోవ. కొండలపేరు పెట్టవలసినచోట వాని నడిమి సందులపేరు పెట్టినవారు బాటసారులో, దండు నడపినవారో అయియుందురని నా ఊహ. కొండను చూచువానికి శిఖరము ముఖ్యము. దాటవలసినవానికి కనుమ ముఖ్యము. లోటస్ రంగస్థలమును పైనుండి పటముగా చూచినచో అది అచ్చముగా కనుమల సమూహము. నడువరాని రాళ్ళ ముద్దలు, వాని నడుమ ఇరుకు త్రోవలు, త్రోవలు కలియుచోట చిన్న చిన్న అంగణములు. అంగణములలో మూడు మాత్రము స్పైక్ నాటదగిన స్థానములు. వానికి ఏ, బీ, సీ యని పేర్లు. అవి వరుసగా ఒక్కచాలున నున్నవి. బీ నడుమనున్నది, తక్కినవానికంటె చిన్నది.

తక్కిన రంగస్థలములలో చాలవఱకు స్థానములు రెండే. మూడు గలవి అరుదు. భూటాన్ దేశమందున్నట్లు కల్పించిన హేవెన్ అట్టిది, లోటస్ అట్టిది. కాపువారైదుగురు, స్థానములు మూడు. అయిదును మూడుచేత భాగించినచో సరిగా పోదు. స్థానమునకిద్దఱి చొప్పున నిలిపినచో ఒకచోట ఒక్కడే మిగులును. ఒక్కడే యున్న తావేదో కనుగొనుట ముట్టడివారి మొదటి పని. అది తెలియనీయకుండుట కాపువారి మొదటి పని. ఆటయంతయు ఈ శేషము చుట్టు తిరుగుచున్నది. చిన్నతరగతులలో భాగహారము చెప్పు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదేమో.

ఒక చోటినుండి మఱియొక చోటికి సాయము పోవుటకు త్రోవలు కలవు గాని, ఆ త్రోవలకు లోటస్‌లో చిత్రమైన తలుపులమర్చిరి. రెండు చోట్ల నిలువు ఇరుసుపై తిరుగు పెద్ద రాతితలుపులున్నవి. ప్రక్కనున్న మీటను తాకిన అది మెల్లగా, గొప్ప ధ్వనితో, తిరుగును. ఆ ధ్వని చాలదూరము వినబడును. పరుగెత్తినవాని అడుగుల చప్పుడు ఎదుటివారికి వినబడు ఆటలో, తలుపు తెఱచుట చాటింపు వేసినట్లే. కావున పిల్లలు నేర్చిన యుక్తి యిది: తలుపును త్రిప్పి, దానిగుండ పోకుండుట. శత్రువు ధ్వని విని అటు పరుగెత్తును. వీరు ఇటు పోదురు. ఏ, బీ స్థానముల నడిమి త్రోవలో ఇంకొక తలుపు కలదు. అది తిరుగదు, కాల్చిన పగులును. ఒకమాఱు పగిలినచో ఆ విడత ముగియువఱకు మఱల మూయుటకు వీలులేదు. ఏ స్థానమున పైనుండి క్రిందికి చప్పుడు కాకుండ దిగదగిన చోటొకటి కలదు. తక్కినచోట్ల ఎత్తునుండి దుమికిన ధ్వని పుట్టును, అచ్చట పుట్టదు. ఒకచోట ధ్వని ఎక్కువ, ఒకచోట అసలు లేదు. చూపునకంటె చెవికి ఎక్కువ పని పెట్టిన రంగస్థలమని దీని నాడువారందురు.

వినినదానిని తోడివారికి చెప్పవలెను. ఇక్కడనే పేర్ల అవసరము కలుగుచున్నది. అయిదుగురు అయిదు ఇండ్లలో నుందురు. చెవులకు తగిలించుకొనిన యంత్రము ద్వారా మాటలాడుకొందురు. చేయి చూపి అదిగో యనుటకు వీలులేదు. నా కుడిప్రక్క యన్నచో వినువాని కుడిప్రక్క వేఱు. కావున ప్రతి మూలకు, ప్రతి మెట్టునకు, ప్రతి గోడకు ఒక పేరు కావలెను. ఆ పేరు ఒక్క ఊపిరిలో పలుకబడవలెను. మఱియొక పేరును పోలియుండరాదు. ఒకటే తావును తెలుపవలెను. ఈ మూడు లక్షణములును లేని పేరు పెట్టినవాడు ఒక సెకండు ఆలస్యము చేయును, చచ్చును.

పూర్వము ఇట్టి ఆటలలో పేర్లను ఆడువారే పెట్టుకొనెడివారు. డేవ్ జాన్‌స్టన్ అను నతడు కౌంటర్ స్ట్రైక్ అను ఆటకొఱకు 2001లో నిర్మించిన డస్ట్ 2 అను రంగస్థలము లోకప్రసిద్ధము. అందలి దీర్ఘమార్గమును లాంగ్ అనియు, పొట్టిదానిని షార్ట్ అనియు ఆడువారే పిలిచి, పిలిచి, స్థిరపఱచిరి. మన పల్లెలలో బావులకు, మడికట్లకు, దారులకు పేర్లు ఏర్పడిన విధమును ఇదియే. ఒకడు పెట్టినది కాదు, పదుగురి నోళ్ళలో నానినది. వాలొరెంట్ నందు నిర్మాతలే పేర్లు పెట్టి పటముపై చూపిరి. ఆటగాడు ఏ తావున నిలిచిన ఆ తావు పేరు తెరపై కనబడును. సర్వే శాఖవారు పాతిన రాళ్ళవంటివి ఈ పేర్లు. లోటస్ నందలి కొన్నింటిని చూడుడు: రూట్, ట్రీ, రబుల్, హట్, స్టెయర్స్, పిల్లర్స్, మౌండ్, బెండ్, వాటర్‌ఫాల్, గ్రావెల్. యంత్రములపేర్లు కావు, వీరులపేర్లు కావు. వేరు, చెట్టు, శిథిలము, గుడిసె, మెట్లు, స్తంభములు, దిబ్బ, మలుపు, జలపాతము, కంకర. ఏ భాషయందైనను పిల్లవాడు పాఠశాలకు రాకముందే నేర్చుకొను మాటలు.

మా విద్యార్థి పక్షమున అయిదుగురిలో ముగ్గురు ఈ ప్రాంతమువారు, ఇండ్లలో తెలుగు మాటలాడువారు. నాలుగవవాడు అతని మేనమామ కొడుకు, వీనికి బావ. హైదరాబాదునందు పుట్టి పెరిగినవాడు. తెలుగు చదువవచ్చును, తమిళము రాదు. అయిదవవాడు అప్పటప్పటికి దొరికినవాడు. ఇంటిలో తిండి దగ్గఱ, వీథిలో గొడవ దగ్గఱ తెలుగు మాటలాడుకొను వీరు ఆటలో గూడ అదియే మాటలాడిరి. రబుల్ అనుటకంటె పాడుగోడ యనుట వారికి నోరూరినది. తిరుగు తలుపును తిరగలి యనిరి. ఈ పేరు విని నేను నవ్వితిని గాని, రాయి రాతిపై తిరుగు ధ్వనిని అంతకంటె చక్కగా చెప్పు మాట ఏ భాషలో నున్నదో నాకు తెలియదు. నడుమనున్న బీ స్థానమునకు వారు పెట్టిన పేరు గుడి.

ఈ గుడియే వారిని ముంచినది.

ఒకనాడు పోటీ యాటకు ముందు, ఎవరెక్కడ కావలసినదియు ఆ బాలుడు కాగితముపై వ్రాసి, ఛాయాచిత్రము తీసి మిత్రులకు పంపెను. వీనికి తెలుగు లిపి సరిగా రాదు గనుక తమిళ లిపిలో వ్రాసెను. తమిళమున క, గ లకు అక్షరమొక్కటే; ట, డ లకు ఒక్కటే; త, ద లకు ఒక్కటే; ప, బ లకు ఒక్కటే. ఏ ధ్వనిని పలుకవలెనో స్థానమును బట్టి చదువరి నిర్ణయించుకొనును. మాట మొదట పరుషము, అచ్చుల నడుమ సరళము, జంటగా వచ్చిన మఱల పరుషము. తమిళమునకు ఈ ఏర్పాటు చక్కగా చాలును. ఆ భాష ధ్వనులకు తగినట్లు ఆ లిపి ఏర్పడినది. తెలుగునకు చాలదు. గుడి యని వ్రాసినదానిని ఆ ఏర్పాటు చొప్పున చదివిన కుడి యగును. రాజపాళెమునందలి స్నేహితుడు క్రొత్తగా చేరినవాడు, ఈ పేర్లింకను నోట పడనివాడు, కుడి కాయుమని చదివికొని కుడిప్రక్కకు పోయెను. నడిమి స్థానము ఖాళీగా నుండెను. ముట్టడివారు తీరుబడిగా నాటిరి. కేకలు వేసి దిద్దుకొనులోపల అటువంటివి రెండు విడతలు పోయెను, ఆట ఓడిరి. హైదరాబాదు బావకు ఆ కాగితము అసలే చదువ రాలేదు.

ఆ బాలుడు ఈ కథను చెప్పి, "సార్, నేను రాసింది గుడే. వాడు కుడి అని చదివినాడు. తప్పు వాడిదే కదా?" అని అడిగెను. తప్పు ఎవరిదియు కాదని చెప్పి, ఆ కాగితము నందలి మాటలన్నింటిని ఒక్కొక్కటిగా ఇద్దఱము పరీక్షించితిమి. వేరు అను మాటకు చిక్కు లేదు. తమిళమునను దాదాపు అదియే మాట. మెట్లు, మలుపు పదిలముగా నున్నవి. పాడుగోడలోని డ, గ లు అచ్చుల నడుమ నుండుటచే సరిగానే పలుకును. గుడిసె మాట మొదట కుడిసె యగును గాని, తమిళమునను గుడిసెకు అట్టి పేరే యుండుటచే చదివినవానికి అర్థమగును. చెట్టు సెట్టు అయినను గ్రహింపవచ్చును. కంకర యందు అనునాసికము ప్రక్కనుండుటచే కంగర యగును. వినుట కొక వింతయే గాని హాని లేదు. దిబ్బ సంగతి వేఱు. జంటగా వచ్చిన బకారము పకారమగును, మొదటి దకారము తకారమగును; దిబ్బ కాస్త తిప్ప యగును. తిప్ప యనునది తెలుగున మఱియొక మంచి మాట. ఏటి నడుమ ఇసుకచేత మెరకయైన చోటు. దిబ్బ పోగుపడినది, తిప్ప నీరు విడిచిపెట్టినది. రెండును మెరకయే గనుక ఈ పొరపాటు ఇంతకాలము బయటపడలేదు. అదృష్టముచేత కొన్ని, బంధుత్వముచేత కొన్ని నిలిచినవి. గుడి యొక్కటి నిలువలేదు.

ఈ పరీక్ష ఒక గంటకు పైగా సాగినది. సరళ పరుషముల భేదమును నేను ఎన్నో యేండ్లుగా నల్లబల్లపై వ్రాసి చెప్పుచున్నాను. గసడదవాదేశ సూత్రమును వల్లింపజేయుచున్నాను. ఒక్క విద్యార్థియైనను ఇట్లు ముందుకు వంగి వినిన జ్ఞాపకము లేదు. దీనికి వారిని నిందింపజాలను. 2006వ సంవత్సరపు తమిళ విద్యా చట్టము ననుసరించి ప్రథమభాషగా తమిళము ఏటికొక తరగతి చొప్పున ప్రవేశించి, 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. నివసించు రాష్ట్రపు భాషను పిల్లలు బాగుగా నేర్వవలసినదే. అందు వాదము లేదు. కాని మా పిల్లలకు తెలుగు అక్షరములతో పని పడు గంటలు తగ్గినవి. ఇంట వ్రాయరు, వీథిలో చదువరు. అక్షరము నోటికంటె ఎక్కువ పని చేయు సందర్భము వారి దినచర్యలో లేదు. ఈ కాగితమందు ఆ సందర్భము దొరికినది. లిపి తప్పినచో ఒక స్థానము ఊడును.

ఉత్సాహముచేత నేనొక తొందరపాటు చేసితిని. మన ప్రాచీన కావ్యములందు, వీరగాథలందు కోటలకు సంబంధించిన పదసంపద మెండుగా కలదు. కోటగోడపై నడచు చోటు అలంగము, గోడనుండి ముందుకు వచ్చిన బలిష్ఠమైన కట్టడము కొత్తళము, బురుజు, చుట్టునుండు నీటి కందకము అగడ్త, పురద్వారము గవని, దాని ప్రక్క ఒక్కడే దూరదగిన చిన్న ద్వారము దిడ్డి. ముట్టడికి లగ్గ, దాగియుండు చోటికి మాటు. నిఘంటువులో నిద్రించు ఈ మాటలకు ఇంతకంటె తగిన కొలువు దొరకదనుకొని, ఒక పట్టిక వ్రాసి బాలుని చేతికిచ్చితిని. వారము దినములకు అతడు తిరిగి వచ్చెను. కొత్తళము పనికిరాదనెను, పలుకులోపల చచ్చిపోదుమనెను. అగడ్త ఆ రంగస్థలమున లేదు. గవని బాగున్నది గాని, వీరికి తెలిసిన పేరుగల మనిషిని పిలిచినట్లు వినబడి నవ్వు వచ్చుచున్నదట. లగ్గ యనిన హైదరాబాదు బావ పెండ్లి ముహూర్తమా యని అడిగెనట. రెండు మాత్రము నిలిచినవి. ఏ, బీ ల నడిమి పగులు తలుపునకు దిడ్డి యనియు, చప్పుడు లేక దిగు చోటికి మాటు అనియు స్థిరపఱచుకొనిరి. పట్టికయందలి మాటలలో రెండు దక్కుట తక్కువ కాదని ఇప్పుడనుకొనుచున్నాను. పండితుడు పెట్టిన పేరు గూడ సర్వే రాయివంటిదే.

ఇచ్చట మా ఊళ్ళ పేరు సంగతి ఒకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. రాజపాళెము అను పేరులోని పాళెమునకు సేన విడిసిన చోటు అని అర్థము. విజయనగర, నాయకరాజుల కాలములలో ఆంధ్రదేశము నుండి దక్షిణమునకు వచ్చిన రాజుల కుటుంబములు ఇచ్చట నిలిచిరి. మధుర నాయకుడైన విశ్వనాథుడు 16వ శతాబ్దమున దేశమును 72 పాళెములుగా విభజించి, మధుర కోట బురుజులను ఒక్కొక్క పాళెగానికి ఒక్కొక్కటి చొప్పున కాపుదలకు అప్పగించెనని చరిత్రకారులు వ్రాసిరి. ఎవరెక్కడ కావలెనో చెప్పు పట్టిక నాడును ఒకటి యుండవలెను గదా. ఆ పట్టికలో పేర్లు తారుమారైనచో ఒక బురుజు ఖాళీగా నుండెడిది. దండు పోయినది, విడిదిపేరు మిగిలినది. నేడు పాళెమనగానే మనకు స్ఫురించునది సేన కాదు, నూలుమిల్లులు, మామిడితోటలు. మాట పని మారినను పలుకుబడి నిలిచినది. బాలునకు ఈ సంగతి చెప్పగా, "అయితే మన ఊరి పేరు కూడా కాలౌటే సార్" అనెను. ఆటలో తావుపేరును చెప్పి పిలుచుటకు వారిలో వాడుక మాట కాలౌట్ అని.

పిమ్మట జరిగినది క్లుప్తముగా చెప్పెదను. బాలుడు రెండవ పటము గీసెను, ఈ మాఱు తెలుగు అక్షరములలో. అందుకు రెండు కారణములు: రాజపాళెము స్నేహితునికి గుడి, కుడి కాకుండవలెను, హైదరాబాదు బావ చదువగలుగవలెను. మొదటి ప్రతిలో గుడికి కొమ్ము మఱచి గడి యని వ్రాసెను. బావ దానిని గడియారములోని గడియా, చదరంగపు గడియా యని వెక్కిరించెను. ఆ వెక్కిరింత చేసిన మేలు నా ఎఱ్ఱసిరా చేయలేదు. దిబ్బకు బకారపు ఒత్తు సరిగా పడునంతవఱకు కాగితములు మూడు చించెను. రాజపాళెము స్నేహితుడు అక్షరములు రాక, సంధ్యవేళ ఒక గంట వచ్చి మా వసారాలో కూర్చుండుట మొదలుపెట్టెను. వానికి గుణింతము రాదు. గకారము, దకారము, బకారము మాత్రము ముందు నేర్పుడని కోరెను. వర్ణమాలను ఆ క్రమమున ఎన్నడును చెప్పియుండలేదు. చెప్పితిని.

హైదరాబాదు మాటకును మా మాటకును భేదము వచ్చినచోట్ల వారిలో వారు తీర్పు చెప్పుకొనిరి. రాళ్ళు పడియున్న చోటిని బావ శిథిలమనెను, పాడుగోడయే నిలిచినది. స్తంభములను అతడు పిల్లర్లనెను, మావారు కంబాలనిరి. కంబమన్నది కావ్యములలో గల మాటయే యని నేను సాక్ష్యము చెప్పవలసి వచ్చినది. మిద్దె, డాబా విషయమున తగవు తీరలేదు. అదృష్టవశమున ఆ రంగస్థలమున అవి లేవు.

అన్నింటికి పేర్లు కుదిరినవి, సీ వైపున గల వాటర్‌ఫాల్ తక్క. జలపాతమనుట పొడవు, పైగా అది ఎవరి ఇంటిలోను పలుకు మాట కాదు, నా వాచకములోని మాట. సెలయేఱు పాఱునది గాని పడునది కాదు. అయ్యనారు కోవెల దగ్గఱ మా కొండలలో నిజమైన జలపాతము కలదు. వానలు కురిసిన దినములలో ఊరంతయు పోయి స్నానము చేసివచ్చు చోటు. దానిని ఇంటి పెద్దలు తెలుగున ఏమందురో అడిగి రమ్మని బాలుని పంపితిని. వాని నాయనమ్మ ఎనుబదియేండ్లు దాటిన ఆమె, ఇంటిలో తెలుగు తప్ప మఱియొక మాట ఎఱుగదు. ఏదో పాతమాట బయటపడునని నేను ఆశపడితిని. ఆమె క్షణమైన ఆలోచింపక, "అరువి. ఇంకేమంటారు రా?" అనెనట.

అది తమిళ పదము. బాలుడు నా మొగమువంక చూచెను. వ్రాయుమంటిని. పటముపై ఆ తావున, నీలిరంగుతో, గుండ్రని తెలుగు అక్షరములలో అరువి యని వ్రాసెను. ఆ మాటలో పొరపాటు పడదగిన అక్షరమొక్కటియు లేదని వాడే కనిపెట్టి చెప్పెను.